డిస్కులకు ప్రతులు తీసిన యంత్రము

కడపలో ఉద్యోగము చేసిన కాలమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) తెలుగు కావ్యముల తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులను జీతమిచ్చి నియమించి, ప్రతికి ప్రతి సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ శ్రమ అవసరమగుటకు కారణము ప్రతులు వ్రాయు పద్ధతిలోనే యున్నది. ఒక లేఖకుడు తొందరలో విడిచిన అక్షరమును రెండవవాడు ఊహతో పూరించును. వానిని చూచి వ్రాసిన మూడవవాడు తన తప్పునొకదానిని చేర్చును. ప్రతికి ప్రతి తీయుకొలది మూలము దూరమగుచుండును. అట్లని ప్రతులు వ్రాయకున్న గ్రంథమే దక్కదు. తాటాకును చెదలు తినును, నిప్పు కాల్చును, తేమ కుళ్ళించును.

మూలము నశించుట ఒక చిక్కు, ప్రతి చెడుట మరియొక చిక్కు. ఈ రెండును కంప్యూటరులలో నిలువజేసిన దత్తాంశమునకు కూడ తప్పలేదు. 1990 తరువాత ఈ చిక్కులకు విరుగుడుగా ఒక చిన్న యంత్రము వాడుకలోనికి వచ్చినది. కంప్యూటరు తోడు లేకుండ, తనంత తానే ఒక సీడీకి గాని డీవీడీకి గాని ఏకకాలమున అనేక ప్రతులు తీయుట దాని పని. దానికి డిస్కు డూప్లికేటరు అని పేరు. చూపునకు అరలుగల చిన్న బీరువావలె నుండును. దాని వైభవము రెండు దశాబ్దముల కాలమే. కాని అది చేసిన పనిలోని భౌతికశాస్త్రమును, గణితమును తెలిసికొనదగినవి.

అచ్చు వేసిన డిస్కు

హాలండుకు చెందిన ఫిలిప్సు సంస్థయు, జపానుకు చెందిన సోనీ సంస్థయు కలిసి 1980లో సంగీతపు సీడీకి ప్రమాణములను నిర్ణయించినవి. 1982 ఆగస్టు 17న జర్మనీలోని హానోవరు సమీపమున లాంగెన్‌హాగెన్ కర్మాగారములో వీని ఉత్పత్తి మొదలైనది. ఆ సంవత్సరము అక్టోబరు 1న జపానులో సీడీ వాయించు యంత్రము అంగళ్ళకు వచ్చినది.

సీడీ వ్యాసము 120 మిల్లీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. పారదర్శకమైన పాలికార్బొనేటు పళ్ళెములో మధ్యనుండి అంచువరకు చుట్టలు చుట్టుకొనిన ఒకే గాడి యుండును. దానిని విప్పి సాగదీయగలిగినచో 5 కిలోమీటర్లకు పైగా వచ్చును. చుట్టకును చుట్టకును నడిమి దూరము 1.6 మైక్రానులు. గాడి పొడవున సుమారు అర మైక్రాను వెడల్పుగల గుంటలు వరుసగా నుండును. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల పరారుణ లేసరు కిరణము వీని మీద పడి పరావర్తనము చెందునపుడు గుంట వద్ద తగ్గి, గుంటలేని చోట హెచ్చుగా తిరిగివచ్చును. గుంట యనగా ఒకటి, మిట్ట యనగా సున్న అని కొన్ని పుస్తకములలో వ్రాయుచున్నారు. అది సరికాదు. గుంట మొదలగు అంచు ఒక ఒకటి, ముగియు అంచు మరియొక ఒకటి; ఆ అంచుల నడుమ గడచిన దూరమును బట్టి సున్నలు లెక్కింపబడును.

కర్మాగారములో డిస్కులు తీయు పద్ధతి పుస్తకము అచ్చువేయుటను పోలియున్నది. గాజు పళ్ళెము మీద లేసరుతో మూలము తయారుచేసి, దానినుండి నికెలు అచ్చును తీసి, ఆ అచ్చులో కరగిన పాలికార్బొనేటును ఒత్తి, పైన పలుచగా అల్యూమినియము పూత పూయుదురు. వేలకొలది డిస్కులకు ఈ పద్ధతికి సాటి లేదు. కాని ఏబది ప్రతులే కావలసినవాడు అచ్చునకగు ఖర్చును భరింపలేడు. ఒక్క ప్రతి మాత్రమే కావలసినవాని మాట చెప్పనక్కరలేదు.

ఛందస్సువంటి గణితము

సీడీ ఇంత సూక్ష్మమైన వ్రాత కదా, వేలిముద్ర పడినను గీత పడినను ఏల చెడిపోదు? ఇందుకు సమాధానము సీడీ కంటె ఇరువది రెండేండ్ల పెద్దది. 1960లో అమెరికాలో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను ఇద్దరు గణితజ్ఞులు ఐదు పుటల చిన్న పరిశోధన వ్యాసము ప్రకటించిరి. అసలు అంకెలకు తోడుగా వానినుండియే లెక్కకట్టిన కొన్ని అదనపు అంకెలను పంపినచో, దారిలో కొన్ని అంకెలు చెడినను మిగిలినవానిని బట్టి అసలును మరల రాబట్టవచ్చునని వారు చూపిరి. సీడీలో ప్రతి 24 బైట్ల దత్తాంశమునకు 8 బైట్ల అదనపు అంకెలు చేర్చుదురు.

తెలుగు చదివినవారికి ఇది క్రొత్త విషయము కాదు. ఒక పద్యములో అక్షరము చెరిగిపోయినచో గణము, యతి, ప్రాస చూచి పండితుడు దానిని పూరించును. కందములో రెండవ అక్షరము పోయినచో తక్కిన మూడు పాదములును దాని హల్లును చెప్పును. ఛందస్సు చెవికి ఇంపునిచ్చుటయే గాక వ్రాతను కాపాడు అదనపు సమాచారముగా కూడ పనిచేసినది. బ్రౌను పండితులు పాఠములను నిర్ణయించుటకు వాడిన సాధనములలో ఇది ముఖ్యమైనది.

అయితే ఆకు మొత్తము పోయినచో ఛందస్సు ఏమి చేయగలదు? అందుచేత సీడీలో మరియొక ఉపాయము పన్నిరి. పక్కపక్కనుండు బైట్లను పక్కపక్కనే వ్రాయక గాడి పొడవున దూరదూరముగా వెదజల్లుదురు. ఒక కావ్యములోని ప్రతి పద్యమును ముక్కలు చేసి నూరు ఆకులలోనికి పంచి వ్రాసినారనుకొనుడు. ఒక ఆకు చెదలపాలైనచో ఏ పద్యమును పూర్తిగా పోదు. ప్రతి పద్యములోను ఒకటి రెండు అక్షరములే పోవును. వానిని ఛందస్సు పూరించును. ఈ ఏర్పాటు వలన గాడి పొడవున రమారమి రెండున్నర మిల్లీమీటర్ల వరకు చెడినను సీడీలోని దత్తాంశము చెక్కుచెదరక తిరిగివచ్చును.

సంగీతమునకు ఇంతటితో సరిపెట్టిరి. సవరింపలేని తప్పు వచ్చినచో ముందు వెనుకల విలువలను చూచి యంత్రము మధ్య విలువను ఊహించును, చెవికి తెలియదు. కాని కంప్యూటరు ప్రోగ్రాములో ఊహించిన అంకె పనికిరాదు. అందుచేత దత్తాంశపు సీడీలో ఒక్కొక్క 2,352 బైట్ల ఖండములో 2,048 మాత్రమే దత్తాంశమునకు ఇచ్చి, తక్కినవానిలో చిరునామాను, రెండవ వరుస దోషసవరణను ఉంచిరి. క్షణమునకు 75 ఖండముల చొప్పున 74 నిమిషములకు 3,33,000 ఖండములు. విద్యార్థులు గుణించి చూచినచో 68 కోట్ల 19 లక్షల పైచిలుకు బైట్లు వచ్చును. ఆ కాలపు 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు 460కి పైగా ఉన్నగాని ఇంత దత్తాంశము పట్టదు.

వ్రాయదగిన డిస్కు

1988లో జపానులోని తాయో యూదెన్ సంస్థ వ్రాయదగిన సీడీని ప్రకటించినది. ఎమికో హమాద అను పరిశోధకురాలికి ఈ కృషిలో ప్రధానమైన పాత్ర కలదు. ఇందులో గుంటలు ముందుగా నుండవు. పాలికార్బొనేటులో ఖాళీ గాడి మాత్రముండును. దాని మీద సైయనిన్ జాతి రంగుపదార్థము, ఆపైన బంగారు పూత. చదువుటకు లేసరు శక్తి ఒక మిల్లీవాటు కంటె తక్కువ చాలును. వ్రాయునపుడు ఆ శక్తిని అనేక రెట్లు పెంచగా, కిరణము సోకిన చోట రంగు వేడెక్కి మార్పు చెంది పరావర్తనము తగ్గిపోవును. చదువు యంత్రము దానిని గుంటగానే భావించును. ఒక మారు కాలిన రంగు తిరిగి రాదు గనుక వ్రాసినది చెరుపుటకు వీలులేదు. ఖాళీ గాడి తిన్నగా నుండక సన్నగా వంకరలు పోవుచుండును. ఆ వంకరలే వ్రాయు యంత్రమునకు వేగమును, చోటును తెలుపును.

మొదటి వ్రాత యంత్రములు భారీవి, మిక్కిలి ఖరీదైనవి. 1995లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 1,000 డాలర్ల లోపు ధరకు ఒక యంత్రమును అమ్ముటతో ఈ పరికరము సామాన్య కార్యాలయములకు చేరువైనది. డీవీడీ 1996లో జపానులో వెలువడినది. 650 నానోమీటర్ల ఎరుపు కిరణముతో, 0.74 మైక్రానుల చుట్టలతో ఒక పొరలో 4.7 గిగాబైట్లు పట్టించిరి. వ్రాయదగిన డీవీడీ మరుసటి సంవత్సరము వచ్చినది.

ఆ తొలి రోజులలో వ్రాత ఒక పరీక్ష. లేసరు కదలుచున్న డిస్కు మీద ఎడతెగక వ్రాయవలెను. కంప్యూటరు ఒక్క క్షణము మరియొక పనిలో పడి దత్తాంశమును అందింపకున్నచో వ్రాత తెగును, డిస్కు వ్యర్థమగును. వ్రాత జరుగుచుండగా కంప్యూటరును ముట్టుకొనరాదని గదిలోనివారిని హెచ్చరించెడివారు. 2000 ప్రాంతమున సాన్యో సంస్థ తెచ్చిన పద్ధతి వలన, తెగిన చోటు గుర్తుంచుకొని అక్కడనుండియే తిరిగి వ్రాయుట సాధ్యమైనది.

కంప్యూటరు లేని యంత్రము

డూప్లికేటరు పుట్టుకకు ఈ చిక్కే ఒక కారణమని చెప్పవచ్చును. వ్రాతకు అడ్డుతగులు కంప్యూటరునే తీసివేసినచో? బీరువావంటి పెట్టెలో ఒక చదువు అర, దాని క్రింద మూడు గాని ఏడు గాని అంతకు మించి గాని వ్రాత అరలు. వీనినన్నిటిని నడుపునది ఒక చిన్న పలక. దాని మీద ఒక సూక్ష్మ ప్రక్రియాసాధకము, కొంత జ్ఞాపకశక్తి, మార్పులేని ఒకే ప్రోగ్రాము. ముందు భాగమున రెండు పంక్తుల తెర, నాలుగైదు మీటలు. అంతే. ఇతర పనులు లేవు గనుక దాని దృష్టి చెదరదు. వైరసు వచ్చి చేరుటకు చోటులేదు. నడుపువానికి కంప్యూటరు తెలియనక్కరలేదు.

పై అరలో మూల డిస్కును, క్రింది అరలలో ఖాళీ డిస్కులను పెట్టి మీట నొక్కిన, చదువు అర వరుసగా ఒక్కొక్క ఖండమును చదువును, పలక ఆ ఖండమునే అన్ని వ్రాత అరలకును ఒకేసారి అందించును. ఇందులో ఒక ప్రమాదము దాగియున్నది. మూల డిస్కు మీద గీత యుండి చదువు అర తడుముకొనినచో వ్రాత అరలన్నియు ఆగవలసివచ్చును. పాత యంత్రములలో ఒక్క గీత ఏడు డిస్కులను ఒక్కసారిగా పాడుచేయగలిగెడిది. అందుచేత మంచి యంత్రములలో ఒక హార్డు డిస్కును కూడ అమర్చిరి. మూలమును ఒక్కసారి నెమ్మదిగా చదివి అందులో భద్రపరచి, ప్రతులను దానినుండి తీయుదురు. మూలము మరల మరల తిరిగి అరుగు పనియు తప్పినది.

ఒకటవ వేగమున 74 నిమిషముల డిస్కునకు 74 నిమిషములే పట్టును. వేగము క్రమముగా పెరిగి 52 రెట్లకు చేరినపుడు డిస్కు నిమిషమునకు సుమారు 10,000 చుట్లు తిరుగుచు రెండు మూడు నిమిషములలో పని ముగించును. పెట్టుట తీయుటలతో కలిపి విడతకు నాలుగు నిమిషములనుకొన్నను ఏడు అరల యంత్రము గంటకు 105 ప్రతులు తీయును. తెలుగునాట ఫోటో స్టూడియోలకు పెండ్లిళ్ళ కాలములో ఇది ఎంతటి అక్కరకు వచ్చినదో వేరుగ చెప్పనేల? వియ్యాలవారికి ఒకటి, మేనమామకు ఒకటి, అమెరికాలోని అన్నగారికి ఒకటి. అందరికిని పెండ్లి సీడీ కావలెను.

వదలివేసిన మీట

ఈ యంత్రముల మీద తరచుగా కనబడు మీటలలో ఒకటి ప్రతిని తీసిన పిమ్మట మూలముతో బైటు బైటుగా సరిపోల్చునది. మరియొకటి లేసరు శక్తిని తగ్గించి, నిజముగా వ్రాయకుండ వ్రాసినట్లు నటించి, మూలము చదువుటలో ఆటంకములున్నవేమో చూచునది. సరిపోల్చుటకు దాదాపు వ్రాయునంత కాలము పట్టును. గంటకు 105 ప్రతులు తీయు యంత్రము అప్పుడు రమారమి సగమే తీయును. అందుచేత తొందరలోనున్నవారు ఆ మీట జోలికి పోక, డిస్కు బయటికి వచ్చినది గనుక ప్రతి బాగుగనే యున్నదని తలచి పెట్టెలో పెట్టిరి. మూలము పోయిన రోజున, అనగా ప్రతితో నిజముగా పనిపడిన రోజున, అది చదువబడదని తెలిసినవారు అనేకులు. బ్రౌను వద్ద పండితులు చేసిన పనిలో వ్రాత సగము, సరిచూచుట సగము. యంత్రము వచ్చిన తరువాత రెండవ సగమును ఐచ్ఛికముగా చేసితిమి.

సరిపోల్చినను పూర్తి భరోసా లేదన్న సంగతి కూడ తెలియవలెను. దోషసవరణ గణితము తన పరిమితిలోనున్నంతవరకు ఎన్ని తప్పులున్నను దత్తాంశమును నూటికి నూరుపాళ్ళు సరిగానే అందించును; పరిమితి దాటిన మరుక్షణమున ఏమియు అందింపదు. సీడీలో క్షణమునకు చదువు 7,350 దత్తాంశపు దిమ్మెలలో తప్పుగలవి 220 వరకు, అనగా నూటికి మూడు వరకు, ఉండవచ్చునని ప్రమాణము. పది తప్పుల డిస్కును, రెండువందల పది తప్పుల డిస్కును డూప్లికేటరు సమానముగానే చూచి రెండును సరియేనని తెరమీద చూపును. రెండవది గట్టు అంచున నిలుచుండినదని అది చెప్పదు. తప్పులను లెక్కించుటకు వేరు పరీక్షలు కలవు. కాని వానిని చేసినవారు తక్కువ.

సంగీతపు సీడీకి తీసిన ప్రతి సంగతి మరియొక విధము. అందులో రెండవ వరుస దోషసవరణ లేదు గనుక గీతలు పడిన మూలములో ఊహించి పూరించిన విలువలే ప్రతిలో అసలు విలువలుగా నిలిచిపోవును. తాటాకు లేఖకుని ఊహ ఇక్కడ మరల తల యెత్తినది.

తాళము, చట్టము

డూప్లికేటరు దేనికైనను ప్రతి తీయగలదన్న మాట నిజము కాదు. సినిమా డీవీడీలలో దృశ్యమును గూఢలిపిలోనికి మార్చి, దానిని విప్పు తాళపుచెవులను డిస్కు లోపలి అంచునగల ఒక ప్రత్యేక ప్రదేశమున ఉంచెడివారు. సామాన్యమైన ఖాళీ డీవీడీలో ఆ ప్రదేశమును వ్రాతకు పనికిరాకుండ ముందుగానే చేసి అమ్మిరి. ప్రతికి పెట్టె వచ్చును, తాళపుచెవి రాదు.

చట్టము రక్షణ ప్రతికిని దొంగ ప్రతికిని తేడా చూపినది. అమెరికాలో 1980 నాటి సవరణ కంప్యూటరు ప్రోగ్రామును కొనినవారు భద్రత కొరకు ప్రతి తీసికొనవచ్చునని అంగీకరించినది. 1957 నాటి భారత కాపీరైటు చట్టములోని 52వ విభాగము కూడ, న్యాయముగా పొందిన ప్రోగ్రామునకు నష్టము వాటిల్లకుండ కేవలము తాత్కాలిక రక్షణగా ప్రతి తీసికొనుటను అనుమతించుచున్నది. సినిమాలకు, పాటలకు ఈ వెసులుబాటును అట్లే పొడిగించుకొనరాదు. 2012 సవరణలో, హక్కులను భంగపరచు ఉద్దేశముతో రక్షణ తాళములను పగులగొట్టుట నేరముగా చేర్చబడినది.

డిస్కు ఆయుస్సు, యంత్రము ఆయుస్సు

వ్రాసిన డిస్కు ఎన్నేండ్లు మన్నును? రంగుపదార్థమునకు ఎండ, వేడి, తేమ పగవారు. థాలోసైయనిన్ జాతి రంగు సైయనిన్ కంటె వెలుతురును బాగుగ తట్టుకొనును. బంగారు పూత వెండి పూత కంటె మన్నిక గలది. కాని ధరలు పడిపోవుకొలది తయారీదారులు బంగారమును వదలి వెండిని పట్టుకొనిరి. అమెరికా ప్రభుత్వ ప్రమాణ సంస్థ 2003లో ప్రకటించిన జాగ్రత్తలు నేటికిని పాటింపదగినవి: డిస్కును అంచులతో పట్టుకొనవలెను, నిలువుగా చల్లనిచోట, చీకటిలో ఉంచవలెను, కాగితపు చీటీలు అంటింపరాదు, తుడిచినచో మధ్యనుండి అంచునకు తిన్నగా తుడువవలెను, గుండ్రముగా తుడువరాదు. గాడి వెంబడి పడిన గీత వరుసగా నుండు దత్తాంశమును చెరుపును, అడ్డముగా పడిన గీత ప్రతి చుట్టలోను కొంచెము కొంచెము మాత్రమే చెరుపును. వెదజల్లిన అక్షరముల ఉపాయము గుర్తున్నవారికి కారణము వెంటనే తోచును.

డిస్కు మన్నినను చదువు యంత్రము లేకున్న ఏమగునో ఇంగ్లండువారికి అనుభవమైనది. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథమునకు 900 ఏండ్లు నిండిన సందర్భమున బీబీసీ సంస్థ 1986లో దేశ జీవితమును వర్ణించు రెండు లేసరు డిస్కులను ప్రకటించినది. పది లక్షల మంది అందులో పాల్గొనిరి. వారిలో అధికులు బడిపిల్లలు. దానిని చదువుటకు ఒక ప్రత్యేకమైన ఫిలిప్సు యంత్రము, ఏకార్న్ కంప్యూటరు కావలెను. పదునైదేండ్లు తిరుగకముందే ఆ యంత్రములు అరుదైపోయినవి. తొమ్మిదివందల ఏండ్ల నాటి చర్మపు పుటలు అప్పటికిని చదువబడుచుండెను! డిస్కులకు ప్రతులు లేకపోలేదు; వానిని చదువు సాధనమే కరవు. 2002లో లీడ్సు, మిషిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత కంప్యూటరు ప్రవర్తనను క్రొత్త కంప్యూటరులో అనుకరించి దానిని మరల నడిపించి చూపిరి.

భారతదేశమున మోజర్ బేర్ సంస్థ నోయిడా ప్రాంతమున ఖాళీ డిస్కులను తయారుచేసి ప్రపంచములోని పెద్ద ఉత్పత్తిదారులలో నొకటిగా ఎదిగినది. 2018లో దానిని మూసివేయుటకు ఉత్తర్వు వెలువడినది. వ్రాయదగిన సీడీని కనిపెట్టిన తాయో యూదెన్ 2015లోనే ఆ వ్యాపారమును విడిచినది. సోనీ సంస్థ వ్రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో నిలిపివేసినది. పెన్ డ్రైవు, హార్డు డిస్కు, అంతర్జాలములోని దూర నిల్వలు డిస్కుల చోటును ఆక్రమించినవి. క్రొత్త ల్యాప్‌టాపులలో డిస్కు అర సాధారణముగా ఉండుట లేదు.

పాఠశాలల గ్రంథాలయములలో పుస్తకముల వెనుక అట్టకు అంటించిన సీడీలు, ఇండ్లలో పెండ్లి డిస్కులు, కార్యాలయములలో పాత లెక్కల డిస్కులు నేటికిని ఉన్నవి. మూలపడిన డూప్లికేటరులోని చదువు అర వీనికి అక్కరకు వచ్చును. దానిని విప్పి, తగిన తీగతో కంప్యూటరుకు తగిలించి, డిస్కును తక్కువ వేగమున చదివి, మొత్తమును ఒకే దస్త్రముగా రెండు వేరు వేరు హార్డు డిస్కులలోనికి ఎత్తవచ్చును. ఎత్తిన పిమ్మట మూలముతో సరిపోల్చి చూచిన తరువాతనే సీడీని అట్టలో తిరిగి పెట్టవలెను.